పోటు వేళలు

రోజు 1

పడవ నన్ను పదిహేడో లాకు మెట్ల దగ్గర దింపి వెనక్కి తిరిగింది. పడవ నడిపే అతని పేరు సముద్రాలు, మళ్ళీ పదిహేను రోజులకు వస్తాడు. అతని వీపు చుక్కంత అయ్యేదాకా మెట్ల మీదే నిలబడ్డాను. ఎందుకో తెలియదు.

ఆరోగ్య కేంద్రానికి పంపాల్సిన పట్టిక వేరే ఉంది. అందులో గళ్ళుంటాయి, గళ్ళలో అంకెలు వేస్తే చాలు. ఈ నోటుబుక్కు నాకోసం. ఇక్కడ నలభై అయిదు రోజులు ఉండాలి. మాట్లాడటానికి ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి మాట్లాడే రకం కాదని మొదటి అరగంటలోనే తెలిసిపోయింది.

ఆమె పేరు లంకే రత్తమ్మ. యాభై ఎనిమిదేళ్ళు. ఈ లాకుకు కాపలాదారు. తలుపు తీసి నన్ను కిందినుంచి పైకి చూసి, "మిషన్ని పంపుతారనుకున్నా. మనిషినే పంపారే," అంది.

ఉప్పుగాలికి సేవాయంత్రాలు పది రోజులకు మించి పనిచేయవని, వాటి కీళ్ళు పట్టేస్తాయని చెప్పాను.

"నాకూ అదే గదా రోగం," అంది. నవ్వలేదు.

కుడి భుజం. చెయ్యి ముందుకు ఎత్తితే డెబ్భై డిగ్రీల దగ్గర ఆగిపోతోంది, పక్కకు నలభై అయిదు. వెనక్కి అసలు పోదు. కొప్పు ముడి వేసుకోలేదు. నొప్పి ఎంతో పదిలో అంకె చెప్పమంటే ఆరు అంది. పడుకుంటే ఎనిమిది. ఏడేళ్ళుగా ఉంది.

సముద్రానికీ లోపలి పల్లపు భూములకీ మధ్య ఈ గోడ కట్టినప్పుడు ఆమె ఇరవై రెండేళ్ళు రాళ్ళు పేర్చింది. అప్పట్లో కూలీలకు ఒక యంత్రం తొడిగేవారు, దాన్ని వాళ్ళు ఇనపరెక్క అనేవారు. నడుముకీ భుజాలకీ పట్టీలు బిగించుకుంటే రెండు క్వింటాళ్ళ రాయిని కూడా ఎత్తేది. బరువు మోసేది రెక్కే. రాయిని దించేటప్పుడు కొట్టే కుదుపు మాత్రం మనిషి భుజానికి తగిలేది. భర్త గోడ పని మొదలైన కొత్తలోనే పోయాడు. పిల్లలు లేరు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఒక్కతే ఉంటోంది.

ఆమె కేంద్రాన్ని అడిగింది నర్సును కాదు, మాత్రల్ని. నర్సు లేకుండా ఆ మాత్రలు ఇవ్వకూడదని నియమం. అందుకే నేను వచ్చాను.

రోజు 2

వేడి కాపడం పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేశాను. నా చేతులు వణికాయి. ఆమె గమనించింది. కొత్తా అని అడిగింది. పదమూడేళ్ళ సర్వీసు అని చెప్పాను.

"మరి ఏందట్టా వణుకుతున్నాయి?"

నాలుగేళ్ళుగా నేను ఏ రోగినీ ముట్టుకోలేదని చెప్పాను. కొండమీది ఆసుపత్రిలో ఎనభై మంచాలకు నేనొక్కదాన్నే నర్సుని. నా చోటు అద్దాల గది. కడగటం, తిప్పటం, తినిపించటం అన్నీ యంత్రాలే చేస్తాయి. అవి సరిగా చేస్తున్నాయో లేదో చూస్తూ కూర్చోవటం నా పని. మా అమ్మ అదే ఆసుపత్రిలో ఇంకో అంతస్తులో పోయింది. ఆ సమయంలో నేను నా ఎనభై మంచాలను చూస్తున్నాను. ఈ చివరి మాట ఆమెకు చెప్పలేదు.

రత్తమ్మ గారూ అని పిలిస్తే, గారూ గీరూ వద్దు, అత్తా అనమంది.

రోజు 5

ఇక్కడ రోజు ఇలా గడుస్తుంది. పొద్దున్నే వేడి కాపడం. తర్వాత వ్యాయామం. ఎడమ చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి, కుడి చేతిని ఊరికే వేలాడేసి, చిన్న సున్నాలు చుట్టాలి. పిండి ఏమైనా రుబ్బుతున్నానా అని విసుక్కుంటుంది గానీ చేస్తుంది. జాకెట్టు తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర తియ్యాలి. ఇన్నేళ్ళూ తలకిందులుగా చేస్తోందట. పడుకునేటప్పుడు మోచేతి కింద దిండు పెట్టాను. ఎన్నో నెలల తర్వాత నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయానని చెప్పింది.

మాత్ర ఎప్పుడు వేసుకుంటావని అడిగితే, "పోటుకి ముందు ఇయ్యమ్మా. తర్వాత ఇత్తే ఏం లాభం?" అంది. నొప్పి పొడుచుకు రాకముందే మందు పడటం మంచిదే. పోటు వచ్చేది నీకు ముందే తెలుస్తుందా అని అడిగాను. తెలుస్తుందంది. సరేనన్నాను.

రోజూ ఒకసారి మంచినీళ్ళకు వెళ్ళాలి. వాననీటి తొట్టె గోడ మీద రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎప్పుడు వెళ్ళాలో ఆమే చెబుతుంది. మొన్న పదకొండింటికి పొమ్మంది, ఇవాళ మధ్యాహ్నం. ఒంటరి మనిషి పట్టింపులు అనుకుని వెళ్తున్నాను. ఒకవైపు సముద్రం మోత, ఇంకోవైపు చప్పుడే లేని చిత్తడి. ఆ చిత్తడి అవతల తాటిదిబ్బ అనే ఊరు. నలభై ఇళ్ళు. అక్కడికి దారి బురదలో కుంగిపోయి ఏళ్ళయింది, అటునుంచి ఎవరూ ఇటు రారు. నడుస్తూ నా పేరు నేనే ఒకసారి పైకి అనుకున్నాను. దీవెన. గొంతు పనిచేస్తోంది.

రోజు 10

ఎనభై అయిదు డిగ్రీలు. పది రోజుల్లో పదిహేను పెరిగింది. అత్త తన కొప్పు తనే సగం ముడి వేసుకుంది. మిగతా సగం నేను వేశాను. వైర్‌లెస్‌లో కేంద్రం డాక్టరు బేగ్ గారికి చెబితే సంతోషించారు. సోమవారం అయిదు నిమిషాలే మాకు కేటాయించిన సమయం. తర్వాత గరగర తప్ప ఏమీ ఉండదు. ఇవాళ ఆ గరగరను కూడా కాసేపు విన్నాను.

రోజు 15

అరవై రెండు. కొలిచింది తప్పేమోనని మూడుసార్లు కొలిచాను. నొప్పి ఎనిమిది. వాపు, వేడి కూడా ఉన్నాయి. మందు వేళకే పడుతోంది, వ్యాయామం మానలేదు, బరువులు ఎత్తనివ్వటం లేదు. బిందె కూడా నేనే మోస్తున్నాను.

ఏదైనా చేశావా అత్తా అని అడిగాను. ఏం చేస్తాను, కూర్చున్నానంది.

రోజు 17

డాక్టరు గారు నన్ను అనుమానించారు. నేరుగా అనలేదు. వ్యాయామాలు నేనే దగ్గరుండి చేయిస్తున్నానా అని రెండుసార్లు అడిగారు. ఇలాగే ఉంటే నరం మూసేద్దామన్నారు. చిన్న సూదితో అయిపోతుంది. నొప్పి పోతుంది, దాంతోపాటు చేతిలో స్పర్శ కూడా చాలావరకు పోతుంది.

అత్తకు చెప్పాను. వద్దంది.

"నొప్పి తెలీకపోతే ఎంత బలం పెడతన్నానో ఎట్టా తెలుత్తాది?"

దేనికి బలం పెట్టాలి అని అడిగాను. మాటవరసకన్నానని చెప్పి అటు తిరిగి పడుకుంది. ఆమె గోళ్ళ కింద నల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టి చూస్తే గ్రీజు వాసన.

రోజు 18

పట్టికలో వేళతో సహా వేసిన నొప్పి అంకెల్ని ఇవాళ గీతగా గీశాను. రోజుకు రెండుసార్లు నొప్పి పైకి లేస్తోంది. మొన్న పదిహేనో రోజున ఉదయం పదింటికి. పదహారున పదకొండుకు పది నిమిషాల ముందు. నిన్న పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు. ప్రతిరోజూ యాభై నిమిషాలు ఆలస్యంగా. మధ్యలో ఏడో రోజు నుంచి పదో రోజు దాకా నాలుగు రోజులు అసలు లేవలేదు. నేను మెరుగైందని సంబరపడ్డ రోజులు అవే.

శరీరంలో ఏ జబ్బూ ఇలా గడియారం చూసుకుని జరగదు. తలెత్తి చూస్తే ఎదురుగా గోడకు వేలాడుతున్న కాగితం కనిపించింది. సముద్రం పోటు వేళల పట్టిక. ప్రతి పోటుకూ అరగంట తర్వాత నా గీత పైకి లేస్తోంది.

పోటుకి ముందు మాత్ర ఇయ్యమ్మా అంది ఆమె. నేను నొప్పిపోటు అనుకున్నాను.

రోజు 19

ఇవాళ పోటు పన్నెండూ యాభైకి. పదకొండున్నరకు నీళ్ళకు పొమ్మంది. వెళ్ళాను. మొదటి మలుపు దగ్గర బిందె దించి వెనక్కి వచ్చాను.

మెట్ల కింద లాకు గది ఉంది. గోడనూ లాకుల్నీ చూసే బోర్డు మనుషులు తప్ప ఎవరూ పోకూడదని మొదటి రోజే చెప్పింది. ఇవాళ తలుపు తెరిచే ఉంది. లోపల నా ఎత్తు ఇనప చక్రం. అత్త దానికి ఆనుకుని ఉంది. కుడి మణికట్టును తువ్వాలుతో చక్రపు కమ్మీకి కట్టుకుంది. ఎడమ చేత్తో, నడుముతో తోస్తోంది. తను ఎత్తలేని చేతిని చక్రం పైదాకా ఎత్తుతోంది, మళ్ళీ కిందికి దించుతోంది. ఎత్తినప్పుడల్లా ఆమె గొంతులోంచి ఒక చిన్న చప్పుడు వస్తోంది.

నన్ను చూసి కూడా ఆగలేదు. "ఇంకా పదకొండున్నాయి. మాట్టాడించమాక," అంది.

పదకొండు చుట్లూ నిలబడి చూశాను. తర్వాత వెళ్ళి తువ్వాలు ముడి విప్పాను.

పైకి తీసుకొచ్చి పడుకోబెట్టాక ఆమే చెప్పింది. లోపలి పల్లంలో కురిసిన వాన ఈ లాకు గుండానే సముద్రంలోకి పోతుంది. పోటు వచ్చే ముందు తలుపు దించాలి, లేకపోతే ఉప్పునీరు చేలలోకి ఎక్కుతుంది. పోటు తీశాక ఎత్తాలి. ఎత్తటానికి బరువులు సాయం చేస్తాయి. దించటానికి మాత్రం నలభై ఎనిమిది చుట్లు తిప్పాలి. ఆ పని మోటారుది. మోటారు పాడై రెండేళ్ళు దాటింది. రాత్రి పోటుకు నేను నిద్రపోయాక దిగేదట. నెల పొడవునా పోట్లు ఒకలా ఉండవు. అష్టమి నాళ్ళలో పోటు పెద్దగా పొడవదు, ఆ నాలుగు రోజులే ఆమె భుజానికి సెలవు.

బోర్డుకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పద్నాలుగో లాకోళ్ళు సెప్పారు. బాగు సేత్తారనుకున్నారు. బోర్డోళ్ళు తలుపు దించి సిమెంటు పోసిపోయారు. యెనకాల ఊరు వానకి మునిగింది. జనాన్నంతా కొండమీద గళ్ళ ఇళ్ళల్లోకి ఎత్తి పడేశారు." లేవబోతూ, "ఆళ్ళని లేపేసేదానికా నేను రాళ్ళు మోసింది?" అంది.

నా చేతిలో మాత్రల డబ్బా ఉంది. పోటుకు ముందు నేను మాత్ర ఇచ్చాను. నొప్పి తగ్గింది కాబట్టి ఆమె ఇంకా గట్టిగా తిప్పింది. పందొమ్మిది రోజులుగా నేను చేసిన సేవ అది.

రోజు 20

చక్రం నేను తిప్పుతాను, నువ్వు ముట్టుకోకూడదు అని షరతు పెట్టాను. స్టూలు మీద కూర్చుని లెక్క చెప్పింది. భుజంతో తొయ్యకు, కాలితో తొయ్యి, ఊపిరి బిగబట్టకు అని నేర్పింది. ఇరవై చుట్లకు నా అరచేతులు ఎర్రబడ్డాయి. నలభై ఎనిమిదికి మెట్లెక్కలేకపోయాను.

కేంద్రం పట్టికలో "నొప్పి 7, కారణం తెలియలేదు" అని రాశాను. ఇన్నేళ్ళ సర్వీసులో పట్టికలో అబద్ధం రాయటం ఇదే మొదలు.

రోజు 24

అష్టమి నాళ్ళు. చక్రానికి సెలవు. ఇద్దరం గోడ మీద కూర్చున్నాం. ఆమె తలకు నూనె రాసి దువ్వాను. తాటిదిబ్బ వైపు చూస్తూ, అక్కడ ఎవరెవరు ఉంటారు అని అడిగాను. తెలియదంది. తొమ్మిదేళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడలేదట. పొద్దున్నే మొదట పొగ లేచేది తూర్పు చివర ఇంట్లో, ఆఖరున లేచేది కాలవ పక్క ఇంట్లో. ఆమెకు తెలిసింది అంతే. ఒకసారి కాలవ పక్క ఇంట్లో మూడు రోజులు పొగ లేవలేదట. ఆ మూడు రోజులూ అన్నం సయించలేదని చెప్పింది.

అమ్మ సంగతి ఆమెకు ఇవాళ చెప్పాను.  తల కదల్చకుండా, నేను దువ్వటం అయిపోయాక కూడా అలాగే నా మోకాళ్ళకు ఆనించి కూర్చుంది.

రోజు 29

తొంభై ఎనిమిది డిగ్రీలు. నొప్పి మూడు. ఇవాళ కొప్పు మొత్తం తనే వేసుకుంది. చేతి అద్దంలో చాలాసేపు చూసుకుంది.

సోమవారం కాకపోయినా డాక్టరు గారు వైర్‌లెస్‌లో పిలిచారు. ఏం మార్చావని అడిగారు. కాపడం సమయం పెంచానని చెప్పాను. ఆయన మెచ్చుకున్నారు. సిగ్గేసింది. తర్వాత, పిలిచిన అసలు పని, వాయుగుండం హెచ్చరిక చదివారు. రేపు అమావాస్య. ఎల్లుండి రావాల్సిన పడవ రాదు.

రోజు 30

పోటు తొమ్మిదిన్నరకు. ఎనిమిదిన్నరకే సముద్రం మెట్లెక్కింది. చక్రం మొదటి నుంచీ బరువుగా ఉంది. నీటి తోపుడు తలుపును పక్కకు అదిమేస్తోంది. ముప్ఫై ఒకటో చుట్టు దగ్గర ఆగిపోయింది. మొత్తం ఒళ్ళు వేలాడేసినా కదల్లేదు. తలుపు కింద ఇంకా మూరెడు సందు. అందులోంచి నీళ్ళు తెల్లగా లోపలికి దూకుతున్నాయి.

వద్దని అరిచాను. ఆమె అప్పటికే లేచింది. నా పక్కన నిలబడి రెండు చేతులూ చక్రం మీద వేసింది. ఎంత అరిచినా వినలేదు, తర్వాత నేను కూడా అరవటం మానేసి తోశాను. ముప్ఫై రెండు. ముప్ఫై మూడు. ఒక్కొక్క చుట్టుకూ నిమిషం పట్టింది. నలభై నాలుగు దగ్గర పాత గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడైంది. అది ఆమె భుజంలోంచి వచ్చింది. ఆమె మొహం పాలిపోయింది. మిగతా నాలుగు చుట్లూ ఎడమ చేత్తో నాతోపాటు పూర్తి చేసి, అప్పుడు కింద కూర్చుంది.

చెయ్యి వేలాడిపోయింది. నేను ఎత్తి వదిలితే పడిపోతోంది. పట్టీ కట్టి, చేతిని ఛాతీకి ఆనించి, పడుకోబెట్టాను. వేళ్ళలో రక్తం ఆడుతోంది, స్పర్శ ఉంది. అత్యవసర మీట నొక్కి డాక్టరు గారిని పిలిచాను. భుజం కండర బంధం తెగిపోయింది, ఆపరేషన్ కావాలి అని చెప్పాను. ఎలా జరిగిందని అడిగారు.

మంచం నాలుగడుగుల దూరంలో ఉంది. ఆమె నన్నే చూస్తోంది. చెప్పొద్దని తల ఊపింది.

చెప్పాను. మోటారు సంగతి, రెండేళ్ళ సంగతి, నా అబద్ధాల సంగతి కూడా.  బోర్డుకు తెలపక తప్పదన్నారు. తెలపండి అన్నాను.

వెనక్కి తిరిగేసరికి అత్త గోడవైపు తిరిగి ఉంది.

రోజు 31

ఆమె నాతో మాట్లాడటం లేదు. మందు ఇస్తే మింగుతుంది, పక్క సర్దితే సర్దనిస్తుంది, నొప్పి ఎంత అంటే ఎడమ చేతి వేళ్ళు చూపిస్తుంది. అంతే. వచ్చిన మొదటి రోజు కూడా ఈ గది ఇంత ఖాళీగా లేదు.

నిన్నటి రెండో పోటుకు నేనొక్కదాన్నే నలభై చుట్లు తిప్పగలిగాను. ఇవాళ పొద్దున ముప్ఫై ఎనిమిది. నా ఎడమ భుజం తిమ్మిరెక్కుతోంది. తలుపు కింది సందులోంచి ఉప్పునీరు కాలవలోకి పోతూనే ఉంది. గాలి తగ్గింది గానీ అమావాస్య పోట్లు ఇంకో రెండు మూడు రోజులు ఉంటాయి.

రోగిని ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు. మొదటి సంవత్సరం పాఠమే అది. నీళ్ళు, మాత్ర, గంజి ఆమె ఎడమ చేతికి అందేలా పెట్టాను. మోచేతి కింద దిండు సరిచేశాను. తాటిదిబ్బ వెళ్తున్నానని చెప్పాను. కళ్ళు తెరిచి చూసింది, మూసుకుంది.

మోకాళ్ళ లోతు బురదలో రెండు గంటల దారి నాకు మూడు గంటలు పట్టింది. ఊరి ముందు కాలవ గట్టు మీద ఒకావిడ వంగి, నీళ్ళలో వేలు ముంచి నాలికకు రాసుకుంటోంది. బురద కారుతున్న నన్ను చూసి ఆవిడ భయపడలేదు. "ఉప్పగా ఉన్నాయి," అంది, నన్ను ఎప్పటినుంచో ఎరిగినట్టు. ఆవిడ పేరు పైడమ్మ. ఆ కాలవ పక్క ఇల్లు ఆవిడదే.

చెప్పాల్సింది చెప్పాను. లాకు దానంతటదే నడుస్తుందనుకున్నారట. అక్కడ ఒక మనిషి ఉందని కూడా చాలామందికి తెలియదు. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. గంటలో తొమ్మిది మంది పలకలూ తాళ్ళూ పట్టుకుని బయల్దేరారు. బురదలో పలకలు పరుచుకుంటూ పొద్దుగూకే లోపల గోడ చేరాం.

చక్రాన్ని ఇద్దరిద్దరు పట్టుకుని తలుపు ఒకసారి దించి చూశారు. అంతమంది ఉంటే అది పెద్ద పని కాదు. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది.

పైడమ్మ పైకి వచ్చి మంచం పక్కన నిలబడింది. పట్టీ కట్టిన చేతిని చూసింది.

"నువ్వేనా ఇన్నాళ్ళూ?"

అత్త అవునంది.

"సెప్పొచ్చు గదా. మాకూ సేతులున్నాయి."

 పైడమ్మ కూర్చుని, తెచ్చిన గిన్నెలోంచి చారన్నం కలిపి పెట్టింది. తింది.

రోజు 34

రెండు పూటలా జనం వస్తున్నారు. వంతులు వేసుకున్నారు. కాలితో తొయ్యమని, ఊపిరి బిగబట్టొద్దని అత్త మంచం మీదనుంచే కేకేసి చెబుతోంది. వాళ్ళతో మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు. వాళ్ళు వెళ్ళిపోయాక మా ఇద్దరి మధ్య సముద్రం మోత మిగులుతుంది. దిండు సర్దుతాను. నొప్పి అడుగుతాను. అయిదు వేళ్ళు చూపిస్తుంది.

రోజు 36

సముద్రాలు పడవ వచ్చింది. అందులో బోర్డు ఇంజనీరు కూడా వచ్చాడు. బక్కపలచని మనిషి, దారిపొడవునా వాంతులు చేసుకున్నాడట. లాకు గదిలో రెండు గంటలు కూర్చున్నాడు. ఆ సమయానికి పోటు లేదు. అయినా తాటిదిబ్బ వాళ్ళు పద్నాలుగు మంది వచ్చి చక్రం చుట్టూ నిలబడ్డారు. ఆయన వంతుల కాగితం చదివాడు, చక్రానికి గ్రీజు ఉందో లేదో చూశాడు. చివరకు, పనిచేస్తున్న లాకును మూయమని తన నియమాల్లో ఎక్కడా లేదని చెప్పాడు. ఒక్క పోటు తప్పినా మళ్ళీ రావాల్సి వస్తుందన్నాడు. కొత్త మోటారుకు రాస్తాడట. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు.

అత్తను ఆపరేషన్‌కు అదే పడవలో తీసుకువెళ్ళాలి. నాకు వెళ్ళే అనుమతి లేదు. కొత్త కాపలాదారు వచ్చేదాకా లాకు దగ్గర ఉండమని ఆదేశం. పట్టికలో అబద్ధం రాసినందుకు విచారణ తర్వాత ఉంటుందట.

చేతికి పట్టీ మార్చి, పడవలో రెండు దిండ్ల మధ్య కూర్చోబెట్టాను. కుదుపు తగలకుండా ఇంకో దుప్పటి మడిచి పెట్టాను. దిగబోతుంటే ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుంది.

"ముందే ఆళ్ళ కాడికి పోయుంటే ఈ భుజం మిగిలేది గదా," అంది.

ఆమె ఒళ్ళోని దుప్పటి ఇంకోసారి సర్దాను.

"నాకు తట్టలేదు దీవెనా. ఒక్కదాన్నే ఉండి ఉండి, అడగొచ్చని మర్సిపోయా."

నన్ను పేరు పెట్టి పిలవటం అదే మొదటిసారి. సముద్రాలు తాడు విప్పాడు.

రోజు 45

నా గడువు ఇవాళ్టితో అయిపోయింది. కొత్త కాపలాదారు ఇంకా రాలేదు. పోటుకు ముందు జనం వస్తారు, తిప్పుతారు, ఇంత మజ్జిగ తాగి వెళ్ళిపోతారు. మళ్ళీ వచ్చేదాకా రెండు గదుల్లో నేనొక్కదాన్నే. మంచం ఖాళీగా ఉంది. దాని మీద పడుకోబుద్ధి కాక కిందే చాప వేసుకుంటున్నాను.

సోమవారం కాబట్టి పదింటికి వైర్‌లెస్ ముందు కూర్చున్నాను. ఆపరేషన్ అయిందని, బాగానే ఉందని డాక్టరు గారు చెప్పారు. చెయ్యి ఇక ఛాతీ ఎత్తును దాటి లేవదు. నొప్పి మాత్రం తగ్గుతుంది. తర్వాత, ఆవిడ మాట్లాడతానంటోంది అన్నారు.

గొంతు చాలా దూరం నుంచి వచ్చింది. ఎలా ఉన్నావని అడిగాను.

"ఇయ్యాళ ఎవురు తిప్పారు?" అంది.

"నాంచారమ్మ, ఏసుదాసు. నిన్న రాత్రి సైదులు, పైడమ్మ."

"నిమ్మళంగా సెప్పు. అందరివీ సెప్పు."

వంతుల కాగితం గోడనుంచి ఊడదీసి మొదటినుంచి చదివాను. ఒక్కొక్క పేరు నేను చెప్పగానే ఆమె తిరిగి పలికింది. కాలవకు ఎటువైపు ఇల్లు అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. బుల్లెమ్మది తూర్పు చివర ఇల్లని చెబితే ఆ పేరు ఇంకోసారి పలికింది. కాగితంలో పద్నాలుగు పేర్లున్నాయి. తొమ్మిదో పేరు దగ్గర అయిదు నిమిషాలూ అయిపోయి గరగర మొదలైంది.

మిగిలిన అయిదు పేర్లూ ఆ గరగరలోకే చదివాను.